పదకొండు నిమిషాల ఆదిలాబాద్

పదింటికి పోయాల్సిన ఒడిబియ్యం మధ్యాహ్నం రెండు కావస్తున్నా పోయలేదు. పోయాల్సిన మనిషి రాలేదు, అదీ సంగతి.

బాలలక్ష్మి ఆ రోజే కొత్తింట్లో కాలు పెట్టింది. ఆదిలాబాద్‌లో ఏరోడ్రం వెనక కట్టుకున్న ఇల్లు. ఏరోడ్రం అని పేరే గానీ, అక్కడ విమానం దిగగా చూసిన మనిషి ఆ వాడ మొత్తంలో లేడు. పొద్దున పూట బాబు మియా మేకలు మేస్తాయి, సాయంత్రం ఆడపిల్లలు స్కూటీ నేర్చుకుంటారు, ఆదివారమైతే క్రికెట్.

ఇల్లు పట్టిన నాడు ఇంటి కోడలిని పీట మీద కూర్చోబెట్టి, ఆమె తల్లిగారింటివాళ్లు పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పోకచెక్కలు ఒళ్లో పోస్తారు. నీ వెనక మేమున్నాం అని పదిమంది ముందు చెప్పడమన్నమాట. బాలలక్ష్మికి కన్న అవ్వా బాపూ లేరు. తల్లిగారిల్లంటే ఇక అన్న పరశురాములే. ఆయన పెద్దపల్లి దిక్కున బసంత్‌నగర్ నుంచి రావాలి. ఒళ్లో బియ్యం పడేదాకా మెతుకు ముట్టనని బాలలక్ష్మి పొద్దట్నుంచి మంచినీళ్ల మీదే ఉంది.

ఆమె అత్త అనసూర్య చెడ్డ మనిషేం కాదు. కాకపోతే మనసులో ఉన్నది నోట్లోకి రావడానికి ఆమెకు అడ్డం ఏదీ ఉండదు. చుట్టాలంతా తిని చేతులు కడుక్కున్నాక పెద్దకోడలిని పిలిచి చెప్పేసింది.

"మీ తల్లిగారిది దూరం బిడ్డా. నీ లగ్గం నాడే అనుకున్న, గింత దూరపోళ్లు అక్కెరకు వస్తరా అని. రమ తమ్ముడున్నడు గద, ఆయన చేతనే పోయించుకో. ఎవలు పోసినా బియ్యం బియ్యమే."

రమ చిన్నకోడలు. ఆమె తల్లిగారిల్లు ఇక్కడే, ఆటో ఎక్కితే పది నిమిషాలు. రమ తమ్ముడు పొద్దున తొమ్మిదింటికే వచ్చి, అక్కకు పోయాల్సింది పోసి, తిని, అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. తోటికోడలి తమ్ముడి ముందు కొంగు పట్టడమంటే బాలలక్ష్మికి ప్రాణం పోయినట్టే ఉంది. తనకెవరూ లేరని తన నోటితో తానే ఒప్పుకోవడం అది. రేపట్నుంచి ఏ పెళ్లికి పోయినా ఆ మాటే వెనకాల నడుస్తుంది.

"అన్న వస్తడు అత్తమ్మా," అంది, పొద్దట్నుంచి ఎన్నోసారో.

"రెండున్నర దాక చూస్త," అని అనసూర్య గుమ్మం లోపల కుర్చీ వేసుకుని కూర్చుంది.

అదిగో అప్పుడు వచ్చాడు పరశురాములు. చొక్కా మొత్తం చెమట. తల నిండా దుమ్ము. పసుపుపచ్చ గుడ్డలో కట్టిన బియ్యం మూటను కడుపుకి అదుముకుని, వాకిట్లో చెప్పులు విడిచి అరుగెక్కాడు. బాలలక్ష్మి గుండె చల్లబడింది. చల్లబడిన వెంటనే కోపం కూడా వచ్చింది. ఇంతసేపు ఎక్కడ తిరిగాడు ఈ మనిషి?

అనసూర్య లేవలేదు. పీట వేయమనలేదు.

"వచ్చినవా బిడ్డా. మా తినుడు గూడ అయిపాయె. పొద్దెంతైందో ఎరికేనా?"

మామూలు మనిషైతే తల వంచుకుని, ఆలస్యమైంది అత్తమ్మా, మాఫ్ చెయ్యి అనేవాడు. పరశురాములుకి పుట్టినప్పట్నుంచీ ఆ అలవాటు లేదు. బడికి ఆలస్యంగా పోయి, దారిలో పులి అడ్డం పడుకుంది, లేచేదాక ఆగిన అని సార్‌తో చెప్పిన రకం. అన్న మెడ నిటారుగా అవడం చూసి బాలలక్ష్మికి భయం వేసింది. వద్దు అన్నా, ఇవాళ వద్దు, అనుకుంది మనసులో.

"ఇమానంల వచ్చిన అత్తమ్మా," అన్నాడు పరశురాములు. అని, అరుగు మీద గోడకానుకుని చతికిలబడి, మూటను ఒళ్లో పెట్టుకున్నాడు.

అరుగు మీదున్న ఏడెనిమిది మందిలో కునుకుతున్నవాళ్లకి మెలకువ వచ్చింది. బాలలక్ష్మి మొగుడు సంపత్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. పక్కింటి బాబు మియా మాత్రం కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. మేకలు కాసేవాడికి ఇంతకంటే కాలక్షేపం ఏముంటుంది.

"ఏ ఇమానం తమ్మీ?"

"చెప్తున్న గద చాచా. మా బసంత్‌నగర్‌ల గూడ మీకున్నసొంటి ఏరోడ్రమే ఉన్నది. మేం దాని మీద మక్కజొన్నలు ఆరబోస్తం. ఇయ్యాల పొద్దుగాల తొమ్మిదిన్నరకు నేను మక్కలు తిరగేస్తున్న. పదింటికేమో చెల్లె ఒడిబియ్యం ఆదిలాబాద్‌ల. నేనేమో గీడ. పరేషాన్ అయితున్న. గప్పుడు మీదికెల్లి బుర్రుమన్నది. చూస్తే చిన్న ఇమానం, ఇద్దరు పట్టేది. దిగుదామంటే జాగ లేదు, అంతట మక్కలే. పైలెట్ తలకాయ బయటపెట్టి, పెద్దమనిషీ, జర మక్కలు పక్కకు జరుపు అన్నడు. నేను, మా మమతారాణి చెరో చీపురు పట్టుకోని తొవ్వ జేసినం. దిగిండు. ఒక్క గింజ పలగలే."

మమతారాణి ఆయన భార్య. "మరి వదిన ఎందుకు రాలే?" అంది బాలలక్ష్మి, కథ అక్కడితో ఆగుతుందేమోనన్న ఆశతో.

"మబ్బు పట్టింది చెల్లె, మక్కల కాడ మనిషి ఉండాలె గద. ఇను. ఆయన ఎందుకు వచ్చిండో ఎరికేనా? బసంత్‌నగర్ ఏరోడ్రంకు, ఆదిలాబాద్ ఏరోడ్రంకు నడుమ దూరమెంత, గాలిల పోతే ఎంత సేపు పడ్తది, గది కొలువనీకి. కాయితం గూడ చూపిచ్చిండు. నూట నలభై కిలోమీటర్లు, నలభై నిమిషాలు. గని ఆయనకు తొవ్వ ఎరుక లేదు. ఆకాశంల బోర్డులు ఉండవ్ గద. నేను చూపెడ్త, నన్ను గాడ దించు అన్న. బియ్యం మూట పట్టుకోని ఎక్కిన. గంతే."

ఇంతవరకు ఫర్వాలేదనిపించింది అరుగుకి. ప్రభుత్వమన్నాక ఏదో ఒకటి కొలుస్తూనే ఉంటుంది. బాబు మియా వేళ్లు మడిచి లెక్కపెట్టాడు.

"తొమ్మిదిన్నరకు ఎక్కితే, నలభై నిమిషాలు, పది దాటంగనే గీడ ఉండాలె. ఇప్పుడు రెండు."

బాలలక్ష్మి కళ్లు మూసుకుంది. ఇలాంటి ప్రశ్న అడిగితే తన అన్న ఆగడు. ఇంకో మెట్టు ఎక్కుతాడు.

"నలభై అన్నది కాయితం మీది లెక్క చాచా. ఆ పైలెట్ గోదారి దాటంగనే కింద బస్సులు పోయే తొవ్వ పట్టిండు. లక్షెట్టిపేట కాడ జర నెమ్మదిచ్చిండు, జన్నారం కాడ జర నెమ్మదిచ్చిండు. గిదేంది సారు, ఊరూరికి ఆగుతవా, ఎవరన్న ఎక్కేది ఉన్నదా, సీదా పోనియ్యి అన్న. సీదా కొట్టిండు. నలభై ఇరవై అయింది. గేరు చూస్తే నాలుగుల ఉన్నది. ఐదు ఎయ్యి అన్న. భయపడ్డడు. నేనే ఏసిన. ఇరవై పోయి పదకొండు అయింది. నా ఫోన్ల చూసిన, పదకొండు అంటే పదకొండు నిమిషాలే. మా ఊర్ల టీ పోపిచ్చుకుంటే గీడికి వచ్చి తాగొచ్చు, నోరు కాల్తది."

రమ తమ్ముడు గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు బాలలక్ష్మికి గుచ్చుకుంది. వాళ్లు తన అన్నను చూసి నవ్వుతుంటే, అది తన తల్లిగారింటిని చూసి నవ్వినట్టే ఉంది ఆమెకు. అత్త వైపు చూసింది. అనసూర్య నవ్వడం లేదు. గోడ గడియారం వైపు ఒకసారి చూసి మళ్లీ పరశురాములు వైపు చూసింది.

"నేను పొద్దట్సంది ఏరోడ్రంలనే ఉన్న తమ్మీ," అన్నాడు బాబు మియా. "మేకలు నాలుగు, నేనొక్కన్ని. ఇమానం రాలే. దాని చప్పుడు గూడ రాలే."

"చప్పుడు ఇంకా రాలేదు చాచా. అది దారిల ఉన్నది."

"దారిల ఉన్నదా?"

"మరి. పదకొండు నిమిషాలల్ల వస్తే చప్పుడు మాతోని ఉరుకుతదా? ఎనకపడ్డది. మాపటికల్ల వస్తది, ఇను నువ్వే. మేకలను జర కట్టేసుకో, బెదురుతయ్."

ఈసారి సంపత్ కూడా పెదవి కొరుక్కున్నాడు. అరుగు చివర కూర్చున్న ముసలాయన, అనసూర్యకు దూరపు తమ్ముడు, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఆకాశం దిక్కు విన్నాడు.

పరశురాములు ఊపు అందుకున్నాడు. కుడిచెయ్యి విమానం అయింది, గోదావరి అయింది, పైలెట్ ముఖం అయింది. ఎడమచెయ్యి మాత్రం మూట చుట్టూ అలాగే ఉంది.

"గని చప్పుడు ఎనకపడితే ఫికర్ లేదు. నీడ ఎనకపడ్డది, గదీ వచ్చిన బాధ. గీడ ఏరోడ్రం మీద దిగుదామని వంగినం. కింద చూస్తే మా నీడ లేదు. పైలెట్ గజగజ ఒణికిండు. నీడ లేకుంట దిగొద్దు పెద్దమనిషీ, ముందుగాల నీడ దిగాలె, దాని మీద ఇమానం దిగాలె, అది రూలు అన్నడు. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా?"

"ఏమైంది?" అన్నాడు ముసలాయన.

"మల్ల ఎనకకు పోయినం. తొవ్వ పొంట వెతుక్కుంట పోయినం. కవ్వాల్ అడివిల లేదు. గోదారి నీళ్లల్ల లేదు. మందమర్రిల ఉన్నది. బొగ్గు కుప్ప మీద పడి ఉన్నది. ఉన్నది గని కనవడ్తదా? బొగ్గు నల్లగ, నీడ నల్లగ. పొద్దటి షిఫ్ట్ దిగినోళ్లు గనిలకెల్లి బయటికి వచ్చి, పాపం ఇంటికి పోకుంట, తలకాయకు లైట్లు కట్టుకోని వెతికిండ్రు. లైటు కొట్టేసరికి అది ఇంక జరుగుతది. గప్పుడు నేను ఉపాయం జేసిన. నా తెల్ల తువ్వాల తీసి కుప్ప మీద పరిచిన. నల్లది గద, తెల్లగ కనవడంగనే దాని మీదికి ఎక్కింది. చప్పుడు చెయ్యకుంట చుట్టేసి ఇమానంల ఏసినం. గందుకే నాకు ఆల్చమైంది అత్తమ్మా. మీదకెల్లి వచ్చుడు పదకొండు నిమిషాలే. నీడ దొరికేసరికి మూడు గంటలు."

అరుగంతా పగలబడి నవ్వింది. లోపల అంట్లు సర్దుతున్న ఆడవాళ్లు కూడా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. బాలలక్ష్మికి ఏడుపు వస్తోంది, ఆ ఏడుపు మీదే నవ్వూ వస్తోంది. చిన్నప్పుడు తనకు జ్వరం వస్తే ఈ అన్నే పక్కన కూర్చుని ఇలాగే కోతలు కోసేవాడు, జ్వరం దిగేదాక. అప్పుడు ఆ అబద్ధాలు తన కోసం. ఇప్పుడు కూడా తన కోసమేనేమో. దూరం దూరం అని అత్త ఎన్నేళ్లుగా అంటోందో ఆయనకు తెలుసు. ఆ దూరాన్ని ఎట్లాగైనా కొట్టేయాలని చూస్తున్నాడు, చేతిలో ఉన్నది మాటలే కాబట్టి మాటలతోనే.

"అయితే తువ్వాలేది?" అన్నాడు రమ తమ్ముడు.

"పైలెట్ కాడనే ఉన్నది. మల్ల జారిపోతదని ఇయ్యలే." పరశురాములు తడుముకోకుండా చెప్పి, అసలు సంగతికి వచ్చాడు. "గిదంత ఒకెత్తు. నీడ దొరికినంక ఆల్చమైందని పైలెట్ ఇమానాన్ని దౌడు తీయిచ్చిండు. ఎంత జోరుగ కొట్టిండంటే అత్తమ్మా, ఆదిలాబాద్ వచ్చేసరికి నిన్న అయింది."

"నిన్న ఏమైంది?" అన్నాడు బాబు మియా.

"నిన్నటి రోజు అయింది. టైము కన్న ముందుగాల వచ్చినం గద. కిందికి చూస్తే మీ ఇల్లు, నిన్నటి మాపటి పూట. బావ కుర్చీ ఎక్కి గుమ్మానికి మామిడాకులు కడ్తుండు. చెల్లె వాకిట్ల ముగ్గేస్తుంది. మీరు, ముగ్గు వంకర పోతుందే అని అంటుండ్రు."

"మామిడాకులు నిన్న మాపే కట్టినం," అన్నాడు ముసలాయన నెమ్మదిగా. "గీయనకెట్ల ఎరుక?"

"దిగుదామా అన్నడు పైలెట్. వద్దు అన్న. ఒక రోజు ముందుగాల దిగి తిండికి కూసుంటే నా చెల్లెకు ఇజ్జత్ ఉంటదా. మల్ల ఇయ్యాల్టికి రావాలంటే పెన్‌గంగ మీదికెల్లి, మహారాష్ట్రలకు పోయి, అటు తిరిగి రావాలె. గట్లనే తిరిగొచ్చినం. గిప్పుడే దిగిన, వాకిట్ల ఇడిసిన చెప్పులింక వేడిగనే ఉన్నయ్ చూడుండ్రి."

నవ్వి నవ్వి బాబు మియా కళ్లు తుడుచుకుంటున్నాడు. అనసూర్య మాత్రం కుర్చీలో అలాగే ఉంది. గడియారం రెండుంబావు దాటింది. ఈమె నవ్వకపోతే పీట పడదు. నవ్వినా పడుతుందన్న నమ్మకం లేదు. బాలలక్ష్మికి అన్న పెదవులు కనబడ్డాయి. పగిలి తెల్లగా ఉన్నాయి. ఇంత మాట్లాడిన మనిషికి ఎవరూ నీళ్లియ్యలేదు, ఆఖరికి తను కూడా ఇవ్వలేదు. సిగ్గేసింది ఆమెకు. లోపలికి పోయి పెద్ద చెంబు నిండా నీళ్లు తెచ్చింది.

"అన్నా, గా మూట జర పక్కకు పెట్టి నీళ్లు తాగు. చెంబు బరువున్నది, రెండు చేతులు పట్టు."

"వద్దు చెల్లె," అన్నాడు పరశురాములు, కుడిచెయ్యి ఒక్కటే చాపి. "తల్లిగారి బియ్యం తొవ్వల కింద పెట్టద్దని అవ్వ చెప్పేది గద. ఎనిమిది గంటల సంది ఒళ్లెకెల్లి దించలే. గిప్పుడు దించుతనా?"

చెంబు ఎత్తి గుటగుటా తాగాడు. చెంబు దించేసరికి అరుగు మీది కళ్లన్నీ ఆయన మీదే ఉన్నాయి. నోరు జారిన సంగతి అప్పుడు ఆయనకు అర్థమైంది.

"ఎనిమిది గంటలా?" అన్నాడు బాబు మియా. గొంతులో ఎగతాళి లేదు, నిజంగానే అడిగాడు. "పదకొండు నిమిషాలు అన్నవు గద తమ్మీ."

బాలలక్ష్మి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. అరుగంతా కలిసి ఎంత లాగినా పడని మనిషిని తాను నీళ్లిచ్చి పడేసింది. పరశురాములు ఖాళీ చెంబును పక్కన పెట్టాడు. పులి అడ్డం పడుకుందని చెప్పిన ముఖం కాదది.

"రాత్రి వాన వచ్చింది చెల్లె," అన్నాడు మెల్లగా. "మక్కలు ఎత్తుడు, పట్టాలు కప్పుడు, కన్ను మూతపడలే. ఆరింటికి బయలెల్లిన. మంచిర్యాలకు పోయేసరికి ఆదిలాబాద్ బస్సు పోయింది. నిర్మల్ బస్సెక్కిన. నిర్మల్‌ల మహారాష్ట్ర పోయే పాండర్‌కవడా బస్సు దొరికింది, గీడికెల్లే పోతదన్నరు. ఏడ నిద్ర పట్టిందో పట్టింది. కండ్లు తెరిచేసరికి బయట బోర్డులన్ని మరాఠీల ఉన్నయ్. పెన్‌గంగ దాటిన. దిగి, లారీ పట్టుకోని తిరిగొచ్చిన. నా తప్పే. నీ దినం ఖరాబ్ జేసిన."

"నిద్రల గూడ మూట కింద పెట్టలేదా?" అంది అనసూర్య. చాలాసేపటికి ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

"పెట్టలే అత్తమ్మా. కండక్టర్ మూటను మీద సామాన్ల కాడ పెట్టమని లొల్లి పెట్టిండు. ఇయ్యలే. దీనికి గూడ టికెట్ కొట్టుకో అన్న."

ఇందులో కోత ఎంతో, నిజమెంతో చెప్పడం కష్టం. అనసూర్య మాత్రం అడగలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కుర్చీలోంచి లేచింది.

"రమా, పీట ఎయ్యే. దీపం ముట్టియ్యి. మీరంత ఏం చూస్తుండ్రు, లోపలికి నడువుండ్రి. పెద్దకోడలి తల్లిగారోళ్లు వచ్చిండ్రు."

పరశురాములు లేవబోయాడు. లేవలేకపోయాడు. బరువు కింద ఎనిమిది గంటలు మడిచి, అరుగు మీద మళ్లీ మడిచిన కాళ్లు, మొద్దుబారిపోయి ఆయన మాట వినలేదు. సంపత్ ఒక జబ్బ, బాబు మియా ఒక జబ్బ పట్టి లేపారు. ఆ లేపినప్పుడు కూడా ఎడమచెయ్యి మూటను వదల్లేదు.

"చిన్న ఇమానం గద బావా," అన్నాడు సంపత్‌తో, పళ్లు బిగబట్టి. "కాళ్లు చాపుకునే జాగ లేకుండె."

ఈసారి అనసూర్య నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది.

బాలలక్ష్మి పీట మీద కూర్చుని కొంగు పట్టింది. పరశురాములు ఎదురుగా కూర్చోలేక, బాబు మియా భుజం ఆసరాగా నిలబడే మూట ముడి విప్పాడు. పొద్దట్నుంచి ఆయన ఒళ్లో ఉన్న బియ్యం, పసుపుతో, చెమటతో, ఇంకా వెచ్చగానే ఉన్నాయి. దోసిలి నిండా తీసి పోశాడు. ఒకసారి, రెండుసార్లు, అయిదుసార్లు. బరువుకి కొంగు కిందికి జారుతుంటే బాలలక్ష్మి రెండు చేతులా ఎత్తి పట్టుకుంది.

"బరువున్నదా చెల్లె?" అన్నాడు.

"ఉన్నది అన్నా," అంది బాలలక్ష్మి. "నాకు ఆకలైతుంది. దా, ఇద్దరం తిందాం."